అరవయ్యో మెట్టు

జమీలా కట్టుబట్టలతోనే డెక్కు మీద కూర్చుని నెత్తిన నీళ్ళు కుమ్మరించుకుంటుంటే, తెరచాపలు సర్దుతున్నవాళ్ళంతా చేతిలో పని ఆపి నిలబడ్డారు. ఏమైందని ఎవరూ అడగలేదు. కాకినాడ రేవులో ఆ రోజుల్లో అది మామూలే. వంకాయలు బేరమాడుతున్న ఇల్లాలు ఉన్నట్టుండి బేరం వదిలేసి వీధి కుళాయి కింద తల పెట్టేది. పాఠం చెబుతున్న మాస్టారు సుద్దముక్క బల్లమీద పడేసి స్నానాలగదికి నడిచేవాడు. మణికట్టు మీది మెట్టుకడియం తట్టిందంటే ఎక్కడో తమలాంటి మనిషి ఒకరు పోయారని అర్థం. పేరు తెలియదు, ఊరు తెలియదు. అయినా తమ గుండెలాంటి గుండె ఒకటి ఆగిపోయాక ఒక చెంబు నీళ్ళయినా పోసుకోకపోతే ఎలా అని తీరం జనం తమంతట తామే ఒక మైల కల్పించుకున్నారు. కడియం తయారుచేసిన పెద్దలు ఈ సంగతి విని తెల్లబోయారట.

గుండెకు నెత్తురు తీసుకెళ్ళే నాళాల గోడల్లో వయసు పెరిగేకొద్దీ సున్నపు రేణువులు పేరుకుంటాయి. కొందరికి తొందరగా, కొందరికి నిదానంగా, అదృష్టవంతులకు అసలు లేకుండా. ప్రతి ఊళ్ళోనూ కూడలిలో నిలబెట్టిన గుండెవాకిలి కింద నుంచి ఒక్కసారి నడిస్తే చాలు, రేణువులెన్నో అది చెప్పేస్తుంది. కాని జనం ఆ అంకెను పట్టించుకోవడం మానేసి చాలా కాలమైంది. అందరికీ కావలసింది మెట్టు. మీ ఈడువాళ్ళలో, మీలాగే ఆడో మగో అయినవాళ్ళలో, మీ అమ్మానాన్నల మూలాలే ఉన్నవాళ్ళలో, నూటికి ఎంతమంది గుండెల్లో మీకన్నా తక్కువ సున్నం ఉందో అదే మీ మెట్టు. అలా మీతో పోలిక ఉన్నవాళ్ళు మీ పోలికగుంపు; మీ మెట్టు ఎప్పుడెంతో కడియం మీద కనబడుతుంది. సంబంధాలు మెట్టు చూసి కలుపుకునేవారు. ఉద్యోగాలు మెట్టు చూసి ఇచ్చేవారు. హోటల్లో వడ్డన కూడా మెట్టును బట్టే. ఇరవయ్యో మెట్టువాడి విస్తట్లో నెయ్యి కారుతుంటే పక్కనే ఎనభయ్యో మెట్టువాడు ఉడకబెట్టిన పొట్లకాయను చూస్తూ కూర్చునేవాడు.

"ఏటి సరంగూ, ఎవురు పోనారు?" అంటూ వచ్చాడు తవిటినాయుడు. 'కోరంగి' ఓడకు ఆయన కెప్టెను. శ్రీకాకుళం మనిషి, అరవై దాటినవాడు, వేయించిన రొయ్యలు లేనిదే ముద్ద దిగనివాడు. అయినా ఆయనది పన్నెండో మెట్టు. ఎలాగని అడిగితే తన పోలికగుంపులో మిగిలినవాళ్ళు తనకన్నా తిండిపోతులని గర్వంగా చెప్పుకుంటాడు.

"ఎవరో ఏంటోనండి. ఇందాక తాడు లాగుతుంటే కడియం తట్టింది," అంది జమీలా కొంగు పిండుకుంటూ. "మాది మరీ చిన్న గుంపు కదండీ. నాతో కలిపి అయిదుగురం. అందులోనూ ఒకరు తగ్గిపోయారు."

"నీళ్ళు పోసుకున్నావు, బాగుంది. మెట్టెంతో సూసుకున్నావా మరి?"

ఆమె చూసుకోలేదు. అంత హడావిడిలో ఉంది. నూనెతో నడిచే ఓడలు ఆగిపోయాక కాకినాడ నుంచి తూర్పు సముద్రం మీదికి వెళ్తున్న మొట్టమొదటి పెద్ద తెరచాప ఓడ అది. ఆ ఓడకు సరంగు తను. తెరచాపలు, తాళ్ళు, వాటిని లాగే మనుషులు, అన్నీ తన మాట మీదే కదలాలి. ఉప్పాడలో వలలు ఈడ్చే ఇంట్లో పుట్టి, పడవలు కడుగుతూ మొదలుపెట్టి, నలభైఆరో ఏట ఇక్కడిదాకా వచ్చింది. నైరుతి గాలి లేచింది. సాయంత్రం పోటుకు లంగరు ఎత్తాలి. ఈ గాలి తప్పితే మళ్ళీ ఏడాదికి గాని ఓడ కదలదు. అప్పటికి సరంగు ఇంకెవరో అవుతారు.

తడిచేతిని తిప్పి చూసుకుంది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న కడియం అంచు ఎర్రగా వెలుగుతోంది. నడుమ అంకె అరవై.

తవిటినాయుడు ఆ అంకె చూసి, ఆకాశం చూసి, మళ్ళీ అంకె చూశాడు. ఒడ్డు కనబడని సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళ మెట్టు అరవై కన్నా తక్కువ ఉండాలి. నడిసముద్రంలో గుండె పట్టేస్తే ఆసుపత్రి ఎక్కడుంది? ఓడ ఎక్కే నిచ్చెన మొదట్లోనే కడియం చూసి పంపుతారు. అరవై అంటే అరవయ్యే, కెప్టెను చెప్పినా వినరు.

"నిన్న యాభై కదే," అన్నాడాయన నెమ్మదిగా. "ఎల్లు. డాక్టరమ్మ దగ్గరకెల్లు. పోటు దాకా టైముంది. ఏటో తేల్చుకుని రా."

రేవు గుమ్మంలో గుండెవాకిలి ఉంది. దాని పక్కనే పోలిక కేంద్రం, అందులో డాక్టర్ సువర్చల. జమీలా జుట్టులోంచి నీళ్ళు కారుతుండగానే లోపలికి వెళ్ళి, కూర్చోకుండానే చెయ్యి చాపింది.

"ఎవరు పోయారు డాక్టరమ్మా?"

సువర్చల కడియం చూసింది, తన బల్లమీది పలక చూసింది, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. పెద్ద కంగారు లేని మనిషి ఆమె. అలాంటి మనిషి ముఖంలో కొత్తగా ఏదో కదలడం జమీలా గమనించింది.

"ఒక లెక్క చెబుతాను, వినండి," అంది. "మీ గుంపులో మీరు కాక నలుగురు. వాళ్ళలో ఇద్దరికి మీకన్నా తక్కువ సున్నం, ఇద్దరికి ఎక్కువ. అందుకే మీది యాభయ్యో మెట్టు. ఒకరు పోతే మిగిలేది ముగ్గురు. ముగ్గురితో అరవై ఎలా వస్తుందండీ? ఎటు తిప్పినా రాదు."

"మరి?"

"అయిదుగురు ఉంటేనే వస్తుంది. అయిదుగురిలో ముగ్గురికి మీకన్నా తక్కువ. ఎవరూ పోలేదు జమీలా గారూ. ఒకరొచ్చారు."

జమీలాకు ముందు నవ్వొచ్చింది. అనవసరంగా నీళ్ళు పోసుకున్నందుకు. ఆ తరువాత కోపం వచ్చింది. పుట్టిన ప్రతివాళ్ళనూ వాకిలి కింద నడిపించడం మొదలై ఒక తరం గడిచింది. వయసు మారి ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి జరిగేవాళ్ళ సంగతి కడియం ముందుగానే చెబుతుంది. చెప్పాపెట్టకుండా తట్టిందంటే చావే. ఇంత వయసొచ్చాక కొత్తగా వాకిలి కిందికి వచ్చే మనిషి కూడా ఉంటుందని ఎవరనుకుంటారు?

"నా రేణువులెన్ని?"

"నిన్న ఇరవైరెండు. ఇవాళా ఇరవైరెండే."

"అంటే నా గుండె నిన్నెలా ఉందో ఇవాళా అలాగే ఉంది. ఎవరో ఎక్కడో వాకిలి దాటితే నేనెలాగండీ జబ్బుమనిషినయిపోయాను? ఆవిడెవరో నాకన్నా శుభ్రంగా ఉంటే నా తప్పా?"

"అడగాల్సిన మాటే," అంది సువర్చల. కుర్చీ చూపించి, తను కూడా ముందుకు జరిగి కూర్చుంది. "మా అమ్మమ్మకి నలభైఎనిమిదో ఏట గుండెల్లో నొప్పొచ్చిందండి. అప్పట్లో అందరికీ ఒకటే పట్టిక ఉండేదట. ఎక్కడో చలిదేశపు మగవాళ్ళని కొలిచి రాసుకున్నది. ఆవిడకున్న కాస్త సున్నం ఆ పట్టికలో అసలు లెక్కలోకే రాదు. భయం లేదమ్మా, గ్యాస్ అయ్యుంటుంది అని పంపేశారు. ఆ వయసు ఆడమనిషికి, మన వైపు మనిషికి, ఆ కాస్తే చాలా ఎక్కువని ఎవరికీ తెలీలేదు. తెల్లారేసరికి లేదు. పోలికలు పెట్టింది అలాంటివాళ్ళ కోసమే. ఎవరినైనా వాళ్ళలాంటివాళ్ళ పక్కన నిలబెట్టి చూడాలని. అది మంచి ఆలోచనే, ఎందరినో బతికించింది. కాని మీలాంటివాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద గుప్పెడుమందే ఉంటే, కొత్తగా ఒక్కరొచ్చి కూర్చున్నా పట్టిక తలకిందులవుతుంది."

జమీలా గుంపు ఎందుకంత చిన్నదో సువర్చలకు తెలుసు. తల్లి పోలమ్మ ఉప్పాడలో చేపలు పట్టే వాడబలిజల ఆడపడుచు. తండ్రి మబ్రూక్ హైదరాబాదు సిద్దీ, ఎన్నో తరాల కిందట ఆఫ్రికా నుంచి నిజాం కొలువుకు వచ్చినవాళ్ళ వంశం. మర్ఫా డప్పులు వాయించే దళంతో ఒక పెళ్ళికి ఉప్పాడ వచ్చి, సముద్రం చూసి, పోలమ్మను చూసి, ఇక తిరిగి వెళ్ళలేదు. తల్లి వైపు గుంపులో కూర్చోబెడితే ఆ ఈడు ఆడవాళ్ళలో దాదాపు అందరికీ రేణువులే లేవు, జమీలా తొంభైల్లో తేలేది. తండ్రి వైపు కూర్చోబెడితే ఇంకేదో వచ్చేది. అందుకని రెండూ కలిసినవాళ్ళకు వేరే గుంపు కట్టారు. దానికి దొరికింది అయిదుగురే.

"దీనికి దారి లేకపోలేదు," అంది సువర్చల. "మీరు వేర్పాటు అడగొచ్చు. కొత్తగా వచ్చినామెకీ మీకూ సరైన పోలిక లేదని వాకిలి ముందు నిలబడి నోటితో చెబితే చాలు. ఆమెని ఇంకో గుంపుకి పంపేస్తుంది. మీరు మళ్ళీ యాభై. సాయంత్రం ఓడ ఎక్కేయొచ్చు. ఒకసారి వేరు చేశాక మాత్రం మళ్ళీ కలపడం ఉండదు. అది చట్టం."

"దానికేముందండి, చెప్పేస్తాను," అంటూ లేచింది జమీలా.

"ఉండండి. చెప్పేముందు ఆమె వివరాలు మీకు చదివి వినిపించాలి. పేరూ ఊరూ ఉండవు, అవి నాకూ కనిపించవు. పోలికలు మాత్రమే." సువర్చల పలక మీద వేలు పెట్టి చదివింది. "స్త్రీ. నలభైఆరేళ్ళు. మీకన్నా కొన్ని నెలలు చిన్న. తల్లి మూలం ఉప్పాడ తీరం. తండ్రి మూలం హైదరాబాదు సిద్దీలు. మీతో పోలిక నూటికి తొంభై పైనే." ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. "మిగతా నలుగురికీ మీతో సగం పోలిక కూడా లేదు. ఇంత దగ్గర పోలిక నేను అక్కచెల్లెళ్ళలో తప్ప చూడలేదండి."

జమీలా గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

మబ్రూక్ ఒక్కడే రాలేదు ఉప్పాడకు. తమ్ముడు జౌహర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. అన్న పోలమ్మను చేసుకుంటే తమ్ముడు ఆమె చెల్లెలు మంగతల్లిని చేసుకున్నాడు. రెండు కాపురాలకూ మధ్య ఒక్క చెక్కగోడ. ఇటు జమీలా పుట్టిన ఏడాదే అటు నూరి పుట్టింది. బాబాయి కూతురూ అదే, పిన్ని కూతురూ అదే. అలాంటి చెల్లెలిని సొంత చెల్లెలు కాదని ఎవరు వేరు చేస్తారు? ఇద్దరికీ ఒకే ముక్కు, ఒకే జుట్టు, ఒకే మొండితనం.

రాత్రి దీపాలార్పాక పిల్లలిద్దరూ ఆ చెక్కగోడ మీద దరువు వేసుకునేవాళ్ళు. నాన్నల దగ్గర నేర్చిన దరువు. జమీలా ఇటునుంచి కొట్టేది: ధన్, ధన్, తకతక. దానికి అటునుంచి జవాబు రెండు దెబ్బలు: ధన్, ధన్. అంతే, అయిపోయింది, ఇక పడుకోవాలి. కాని నూరి ఏనాడూ సరిగ్గా కొట్టలేదు. మూడోది ఒకటి వేసేది. అది తప్పని జమీలా మళ్ళీ మొదట్నించి కొట్టేది. అటునుంచి మళ్ళీ మూడు. తెల్లారాక ఒకరోజు జుట్టు పట్టుకుని అడిగింది, రెండేనని ఎన్నిసార్లు చెప్పాలే నీకు అని. నూరి నవ్వి, "రెండే కొడితే నువ్వు పడుకుండిపోతావుగా," అంది.

వాళ్ళ తొమ్మిదో ఏట పెను తుపాను ఉప్పాడను సగానికి సగం మింగేసింది. జనాన్ని ఎక్కించుకున్న పడవల్లో ఒకటి ఒడ్డుకు చేరలేదు. జౌహర్, మంగతల్లి, నూరి అందులో ఉన్నారు. చాలారోజులు చూశారు. చివరికి పోలమ్మ జమీలాను కూర్చోబెట్టి, ఏడుస్తూనే ఆమె నెత్తిన నీళ్ళు పోసింది. మైల నీళ్ళు.

ఇదంతా జమీలా సువర్చలకు ఒక వరసలో చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఇదేనేమో అరవయ్యో మెట్టు అనిపించింది ఆమెకే.

"వేరే ఎవరూ అయ్యే వీలు లేదు కదండీ?" అని అడిగింది.

"ఆ తీరం, ఆ వంశం, ఆ వయసు, ఈ పోలిక," అంది సువర్చల. "నేను డాక్టర్ని. నూటికి నూరు అని ఏదీ చెప్పను. మీ బదులు నేనయితే మాత్రం ఈపాటికి ఎగిరి గంతేసేదాన్ని."

వాకిలి ముందుకు వచ్చి నిలబడ్డారు ఇద్దరూ. ఒక్క వాక్యం. ఆమెకూ నాకూ పోలిక లేదు. అనేస్తే ఓడ తనది. ఇరవై ఏళ్ళ కల తనది. జమీలా నోరు తెరిచింది. వాకిలి మీది దీపం వినడానికి సిద్ధంగా తెల్లగా వెలిగింది. కాని ఆ మాట తన నోటివెంట రావడమేమిటని నోరే మూసుకుపోయింది.

"నా వల్ల కాదు డాక్టరమ్మా. ఓడ పోతే పోనీ. దొరక్క దొరక్క దొరికింది, దాన్ని నాది కాదని చెప్పనా?" ఒక్క క్షణం ఆగింది. "కాని నేనున్నానని దానికెలా తెలుస్తుంది?"

"తెలియదండి. కబురు పంపే దారి లేదు. ఆమె కడియంలో ఒక అంకె ఉంటుంది, అంతే."

"ఆ అంకెలో నేను కూడా ఉన్నాను కదా."

"ఉన్నారు. మీరు లెక్కలో ఉంటే ఆమెది నలభయ్యో మెట్టు. మీరు తప్పుకుంటే యాభై అవుతుంది."

"తప్పుకోవడమంటే ఎలాగ?"

సువర్చల వాకిలి స్తంభం మీది అరచేతిపలకను చూపించింది. ఎవరి గుండె వాళ్ళిష్టం. లెక్కలో ఉండనంటే పలక మీద చెయ్యి వేసి తప్పుకోవచ్చు. మళ్ళీ చెయ్యి వేసి చేరొచ్చు. ఎన్నిసార్లయినా. ఓడల్లో కూడా తెరచాప స్తంభానికి ఒక పలక బిగించి ఉంటుంది. కాని మెట్టు లేనివాళ్ళకు ఉద్యోగమూ లేదు, ఓడా లేదు గనక ఆ హక్కును వాడుకున్నవాళ్ళు మాత్రం ఎక్కడా కనబడరు.

"చెయ్యి వేసిన ప్రతిసారీ అందరి కడియాలూ తడతాయా?"

"మీ గుంపులో అందరివీ. ఆ క్షణంలోనే," అంటూనే సువర్చలకు విషయం అర్థమైపోయి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

జమీలా తడికొంగు నడుముకు దోపింది. నాన్న డప్పు ముందు నిలబడినట్టు పలక ముందు నిలబడింది. కొట్టింది. ధన్. ధన్. తకతక. తప్పుకోవడం, చేరిక, తప్పుకోవడం, చేరిక, మొత్తం ఆరు దెబ్బలు. ఆరోది పడేసరికి మళ్ళీ లెక్కలోనే ఉంది. కడియంలో అరవై.

ఏమీ జరగలేదు.

మళ్ళీ కొట్టింది. ఆగి, ఎదురుచూసి, మళ్ళీ కొట్టింది. రేవులో కూలీలు చేరారు. సరంగమ్మకు మెట్టు పెరిగి మతి చెడిందని ఒకడన్నాడు. సువర్చల వాడిని చూసిన చూపుకు వాడు తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఏ దేశంలోనో, ఏ వంటింట్లోనో, కడియం పాడయిందని విదిలించుకుంటూ ఉండి ఉంటారు. వాళ్ళను తలుచుకుంటే జమీలాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కొట్టింది. చెయ్యి మండుతోంది.

"అటువైపు ఆమె కొత్తమనిషి," అంది సువర్చల. "కడియం తడితే ఏంటో కూడా తెలియదేమో. భయపడి తీసి పక్కన పెట్టేసిందేమో."

"నూరి భయపడదండి. అది తుపాన్లో పడవెక్కుతూ నాకు చెయ్యి ఊపింది."

ఎండ వాలింది. పోటు ఎక్కుతున్న నీళ్ళు రేవు మెట్లను ఒక్కొక్కటే కప్పేస్తున్నాయి. తవిటినాయుడు ఓడ దిగి వచ్చాడు. సంగతంతా సువర్చల చెబితే విని, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఓడ ఆపలేనమ్మా," అన్నాడు. "గాలి నా మాట ఇనదు. నీ జాగాలో తాళ్ళు సూసుకోడానికి ఇంకో మనిసిని పెట్టాను. నువ్వు కొట్టు. నీ సెల్లెల్ని నువ్వు పిలుసుకో." ఆయన వెళ్ళబోయి, వాకిలి పక్కనే ఆగాడు.

జమీలా ఇంకోసారి కొట్టింది. ఈసారి తొందర లేకుండా, చెక్కగోడ మీద కొట్టినట్టు, అవతల మనిషి పడుకుని వింటున్నట్టు. ధన్. ధన్. తకతక. చెయ్యి దింపేసింది.

అప్పుడు కడియం తట్టింది.

అరవై పోయి యాభై. మళ్ళీ తట్టింది. యాభై పోయి అరవై.

రెండు. సరిగ్గా రెండు. జవాబే అది. ధన్, ధన్. సువర్చల ఆమె భుజం పట్టుకుంది. అయినా జమీలా ముఖంలో సంతోషం ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. కళ్ళు కడియం మీంచి కదల్లేదు. ఎవరైనా రెండు కొట్టొచ్చు. తెలియక చెయ్యి వేసి, తప్పయిపోయిందని మళ్ళీ వేసి ఉండొచ్చు.

మూడోసారి తట్టింది.

"తప్పు కొట్టింది," అంది జమీలా. "తప్పు కొట్టింది డాక్టరమ్మా. మూడు కొట్టింది. అదే. నూరే." మాట పూర్తి కాకుండానే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేసి, వాకిలి స్తంభాన్ని కావలించుకుంది. ముప్ఫైఏడేళ్ళు దాన్ని చచ్చిపోయిందనుకుని బతికింది. ఆ పిల్ల ఇంకా రెండు కొట్టడం నేర్చుకోలేదు.

ముందు గమనించింది తవిటినాయుడు. "సరంగూ, నీ సెయ్యి సూడు."

కడియం అంచు పచ్చగా ఉంది. నడుమ యాభై. మూడో దెబ్బతో నూరి లెక్కలోంచి బయట ఉండిపోయింది. రెండే కొట్టి ఉంటే జమీలా అరవై మీదే ఆగేది, ఓడ ఆమెను ఒడ్డునే వదిలి వెళ్ళిపోయేది.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సువర్చల గొంతు సవరించుకుని, డాక్టరు గొంతుతో అంది, "చట్టప్రకారం ఈ క్షణాన మీది యాభయ్యో మెట్టు. ఆమె మళ్ళీ చెయ్యి వేసేదాకా." పరుగున లోపలికి వెళ్ళి మందుల పొట్లం తెచ్చి జమీలా చేతిలో కుక్కింది. "ఇది మాత్రం వినండి. మెట్టు ఏమన్నా సరే మీ గుండెలో ఇరవైరెండు రేణువులు ఉన్నాయి. రోజూ ఒక మాత్ర మానకూడదు. గుండెల్లోనే కాదు, దవడ లాగినా, వీపు పట్టేసినా, గ్యాస్ అనుకోకండి. వెంటనే చెప్పండి."

"చెబుతానండి. మా నాయుడు గారి రొయ్యలు కూడా ముట్టుకోను."

"నా రొయ్యల జోలికి రాకు. పరిగెట్టు ముందు," అన్నాడు తవిటినాయుడు.

పరిగెత్తారు. తాళ్ళ చుట్టల మీంచి, చేపల తట్టల మీంచి, సరంగమ్మకు మతి చెడిందన్న కూలీ పక్కనుంచి. నిచ్చెన మొదట్లో కాపలా అమ్మాయి కడియం పట్టుకుని చూసిన ఆ కాస్త సేపూ జమీలా మనసులో ఒకటే మాట. కొట్టకే నూరీ. ఒక్క క్షణం ఓర్చుకో. చిన్నప్పుడు ఏనాడూ నా మాట వినలేదు, ఈ ఒక్కసారైనా విను.

"యాభై. వెళ్ళండి," అంది అమ్మాయి.

జమీలా డెక్కు మీద కాలు పెట్టింది. తాడు వదలమని కేక వేసింది. ఆ కేక రేవంతా వినబడింది. పెద్ద తెరచాప నైరుతి గాలికి ఒక్కసారిగా ఉబ్బింది. ఓడ ఒడ్డును వదిలి మూరెడు జరిగిందో లేదో, కడియం తట్టింది.

ఎర్రగా అరవై. నూరి తిరిగి లెక్కలోకి వచ్చేసింది.

తవిటినాయుడు ఆ ఎరుపు చూశాడు. ఒడ్డుకూ ఓడకూ నడుమ పెరుగుతున్న నీళ్ళు చూశాడు. "రేవులో సూడాల్సింది రేవులోనే సూసేసేరు," అంటూ చుక్కాని దగ్గరకు నడిచాడు. "ఇక నీ పని నువ్వు సూసుకో, సరంగూ."

గట్టు మీద సువర్చల చెయ్యి ఊపుతూ ఉంది. ఓడ ఆగే ప్రతి రేవులోనూ ఒక గుండెవాకిలి ఉంటుంది. వాటిలో ఏదో ఒకదాని పక్కన, నలభైఆరేళ్ళ ఆడమనిషి ఒకతె మణికట్టు చెవికి ఆనించుకుని నిలబడి ఉంటుంది. ఎక్కడో ఇంకా తెలియదు. ఉందని తెలుసు.

జమీలా తెరచాప స్తంభానికి బిగించిన పలక దగ్గరకు వెళ్ళింది. జుట్టు ఇంకా పూర్తిగా ఆరలేదు. కొట్టడానికి ముందు కడియాన్ని నోటి దగ్గరకు తెచ్చుకుంది, అది వినదని తెలిసీ.

"రెండుసార్లు నీకోసం నీళ్ళు పోసుకున్నానే," అంది. "ఇంక పోసుకోను."

చెయ్యి ఎత్తి, మొదట్నించి కొట్టడం మొదలుపెట్టింది.